హెర్న్‌డన్ ఎర్రమట్టిలో మెక్సికో వెండి

వర్జీనియాలోని హెర్న్‌డన్ అనగానే మనవాళ్లకు డల్లెస్ ఎయిర్‌పోర్టు, ఐటీ ఆఫీసులు, ఇండియన్ గ్రోసరీ షాపులు, 2022 నవంబరులో మా ఊరి దాకా వచ్చిన సిల్వర్ లైన్ మెట్రో గుర్తొస్తాయి. ఊరికి ఆ పేరు ఎవరిదని అడిగితే మాత్రం ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లలోనూ చాలామంది చెప్పలేరు. విలియం లూయిస్ హెర్న్‌డన్ అమెరికా నౌకాదళ అధికారి. 1851లో పెరూలోని లిమా నుంచి బయల్దేరి, ఆండీస్ పర్వతాలు దాటి, అమెజాన్ నది పొడవునా ప్రయాణించి పెద్ద నివేదిక రాశాడు. 1857 సెప్టెంబరు 12న, కాలిఫోర్నియా బంగారం మోసుకొస్తున్న 'సెంట్రల్ అమెరికా' ఓడ తుపానులో చిక్కుకుంది. కెప్టెన్ హెర్న్‌డన్ ఆడవాళ్లను, పిల్లలను పడవల్లో పంపించి తాను ఓడతో పాటే మునిగిపోయాడు. 400 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఇక్కడ పోస్టాఫీసు పెట్టినప్పుడు ఆయన పేరు పెట్టారు. ఆ ఓడ, అందులోని బంగారం 1988లో అట్లాంటిక్ అడుగున దొరికాయి.

అంటే మా ఊరి పేరులోనే ఒక నిధి కథ ఉంది. అయితే ఇక్కడ చెప్పబోయేది బంగారం గురించి కాదు. అదే 1857లో ఫిబ్రవరి 21న అమెరికా ప్రభుత్వం చేసిన ఒక చట్టంతో చెల్లకుండా పోయిన వెండి గురించి. విదేశీ నాణేలు ఇకపై ఈ దేశంలో చట్టబద్ధమైన డబ్బు కావన్నది ఆ చట్టం సారాంశం. అంటే అప్పటిదాకా చెల్లేవా? భేషుగ్గా చెల్లేవి. స్వాతంత్ర్యం వచ్చి 80 ఏళ్లయినా వర్జీనియా రైతు జేబులో ఉన్న వెండిలో చాలా భాగం మెక్సికోలోనో, పెరూలోనో, బొలీవియాలోనో స్పెయిన్ రాజు పేరు మీద అచ్చయినదే. పొలాల్లో, పాత ఇళ్ల పెరళ్లలో ఇప్పటికీ మెటల్ డిటెక్టర్లకు దొరుకుతున్నది ఆ వెండే.

అమెరికాలో బేడలు, అణాలు

స్పెయిన్ వాళ్ల పెద్ద వెండి నాణెం విలువ 8 రెయాళ్లు. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని స్పానిష్ డాలర్ అన్నారు. సౌదీలో, ఖతార్‌లో మనవాళ్లు జీతం తీసుకునే రియాల్ పేరు కూడా ఈ రెయాల్ నుంచి వచ్చిందే. పాత రూపాయి లెక్క తెలిసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. రూపాయికి 16 అణాలు, రెండణాలు కలిస్తే బేడ. కాబట్టి రూపాయికి 8 బేడలు. అలాగే డాలరుకు 8 రెయాళ్లు. రెయాల్ అంటే బేడ, అర రెయాల్ అంటే అణా, 2 రెయాళ్లంటే పావలా. రెయాల్‌ను ఇక్కడ 'బిట్' అనేవారు. పాతికసెంట్ల నాణేన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ 'టూ బిట్స్' అనడం అందుకే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో 1997 దాకా షేర్ల ధరలు డాలరులో ఎనిమిదో వంతుల లెక్కన నడిచాయి. పూర్తిగా సెంట్లలోకి మారింది 2001లో.

అసలు అమెరికా డాలరే స్పానిష్ డాలరుకు నకలు. 1775లో తిరుగుబాటు కాలనీలు అచ్చేసిన కాగితపు నోట్ల మీద 'ఇన్ని స్పానిష్ డాలర్లు ఇవ్వబడును' అని రాసుకున్నారు. ప్రజలకు బాగా అలవాటైన నాణెం కాబట్టి దాన్నే దేశపు కొలమానం చేయాలని వాదించినవాడు వర్జీనియాకు చెందిన థామస్ జెఫర్సన్. 1792 నాటి నాణేల చట్టం డాలరులో 371.25 గ్రెయిన్ల, అంటే దాదాపు 24 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉండాలంది. చలామణీలో ఉన్న స్పానిష్ డాలర్లను బట్టే ఆ అంకె పెట్టారు. హెర్న్‌డన్ నుంచి కారులో పది నిమిషాల దూరంలో, చాంటిలీలో సల్లీ అనే చారిత్రక ఎస్టేటు ఉంది కదా, స్కూలు పిల్లలను ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్తారు. దాన్ని 1794లో కట్టించిన రిచర్డ్ బ్లాండ్ లీ, ఆ చట్టం చేసిన కాంగ్రెస్‌లో సభ్యుడు.

బ్రిటన్ తన కాలనీలకు సరిపడా నాణేలు ఎప్పుడూ పంపలేదు. వర్జీనియాలో పొగాకే డబ్బు. 1730 నాటి చట్టం తర్వాత, గోదాములో పొగాకు అప్పగించినట్టు ఇచ్చే రసీదులు నోట్లలా చేతులు మారేవి. చర్చి పాదిరీల జీతాలు కూడా పొగాకు లెక్కలోనే. చిల్లర అవసరాలకు మాత్రం వెండి కావాలి. వెస్టిండీస్ దీవులకు పిండి, కలప అమ్మితే తిరిగి వచ్చేది స్పానిష్ వెండి. అలా ఇక్కడి మట్టి దాకా చేరింది.

పొలం, యంత్రం

నాకు ఈ సరదా అంటించింది మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన. ఆయనకు లౌడన్ కౌంటీలో తాతల నాటి పొలం ఉంది. చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటే డేటా సెంటర్లుగా మారుతున్నాయి. ఆయన పొలానికీ బేరం వచ్చింది. 'అమ్మేస్తే బుల్‌డోజర్లు మూడడుగులు చెక్కేస్తాయి. ఈలోగా మా ముత్తాతలు పారేసుకున్నదేమిటో చూద్దాం, వస్తావా?' అన్నాడు. క్లౌడ్ సర్వర్లతో పొట్టపోసుకునే నాలాంటివాడికి ఆ మాట కొంచెం గుచ్చుకున్నా, వెళ్లాను. రెండేళ్లుగా శనివారాలు వెళ్తూనే ఉన్నాను.

యంత్రం పనితీరు సులువే. కింద ఉన్న రాగి తీగ చుట్ట మట్టిలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. అవి తిరిగి పంపే సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి యంత్రం ఒక అంకె చూపిస్తుంది. విద్యుత్తును బాగా ప్రవహింపజేసే లోహాల్లో వెండిదే మొదటి స్థానం కాబట్టి పెద్ద వెండి నాణెం పై అంకెల్లో గణగణ మోగుతుంది. చిక్కు చిన్న నాణేలతోనే. పలచటి అర రెయాల్ చూపే అంకె, కూల్‌డ్రింకు డబ్బా మూత రింగు చూపే అంకె దగ్గరదగ్గరగా ఉంటాయి. రింగులకు విసుగెత్తి ఆ అంకెలను వదిలేసేవాళ్లు వెండిని కూడా వదిలేసినట్టే.

నిజానికి నాణెం కంటే ముందు వెతకాల్సింది మేకులను. తుప్పు మేకులు గుంపుగా పలికే చోట ఒకప్పుడు ఇల్లు ఉండేదని అర్థం. ఆ మేకులే కాలం కూడా చెబుతాయి. కమ్మరి చేత్తో సాగదీసిన మేకులు అన్నిటికంటే పాతవి. 1800 ప్రాంతం నుంచి యంత్రంతో కోసిన చదును మేకులు వచ్చాయి. 19వ శతాబ్దం చివర్లో ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు వచ్చాయి. వాటి మధ్య మట్టి చిలుము గొట్టాల ముక్కలు, చదును ఇత్తడి గుండీలు కనిపిస్తే ఇక అక్కడ ఓపిగ్గా నడవాల్సిందే.

అరిగిన నాణేన్ని చదవడం

మాకు దొరికిన మొదటి వెండి నాణెం బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. ఎర్రమట్టి కడగ్గానే బూడిదరంగు వెండి కనిపించింది. ఒకవైపు రోమన్ చక్రవర్తిలా తలపై ఆకుల దండ పెట్టుకున్న రాజు, రెండో వైపు రెండు స్తంభాల మధ్య కిరీటం ఉన్న డాలు. అంతకుమించి కంటికి ఆనలేదు.

గుర్తుపట్టే పని తక్కెడతో మొదలుపెట్టాలి. 8 రెయాళ్ల నాణెం దాదాపు 27 గ్రాములు. 2 రెయాళ్లది 6.77, రెయాల్ 3.38, అర రెయాల్ 1.69. మాది 2.96 గ్రాములు తూగింది. అడ్డం 20 మిల్లీమీటర్లు. కాబట్టి చేతులు మారి మారి అరిగిన ఒక రెయాల్.

తర్వాత రూపం. ఇది కాలాన్ని చాలావరకు తేల్చేస్తుంది. సమ్మెటతో కొట్టి చేసిన వంకరటింకర నాణేలు పాతవి, అవి అచ్చు సగం సగం పడిన వెండి చెక్కల్లా ఉంటాయి. 1732లో మెక్సికో టంకశాలలో యంత్రంతో గుండ్రటి నాణేలు మొదలయ్యాయి. వాటిపై రాజు బొమ్మ ఉండదు. సముద్రపు అలల మీద రెండు స్తంభాలు, వాటి మధ్య కిరీటం కింద రెండు భూగోళాలు ఉంటాయి. ఆ స్తంభాలు జిబ్రాల్టర్ దగ్గర హెర్క్యులిస్ నిలబెట్టాడని చెప్పుకునేవి. వాటిని చుట్టిన పట్టీలతో చూస్తే నాకు డాలర్ గుర్తే కనిపిస్తుంది కానీ, పండితుల్లో ఎక్కువమంది ఆ గుర్తు 'పెసోస్' అనే మాటకు రాసే పొట్టి అక్షరాల నుంచి వచ్చిందంటారు. 1772లో రాజు ముఖంతో కొత్త అచ్చు వచ్చింది. మాది ఆ రకం.

1772 మార్పు వెనుక ఒక చిన్న మోసం ఉంది. కొత్త అచ్చు వేసే నెపంతో మూడో కార్లోస్ రాజు వెండి వన్నెను గుట్టుగా తగ్గించాడు. వెయ్యికి 917 పాళ్లు ఉండేది 903 అయింది. 1786లో మళ్లీ గుట్టుగా 896. చూపులకు తేడా తెలియదు. గీటురాయి ఉన్నవాళ్లకు, కరిగించి చూసేవాళ్లకు మాత్రం తెలిసిపోయేది.

ఇక అక్షరాలు. ఒకే దీపాన్ని పక్క నుంచి, బాగా వాల్చి వేస్తే అరిగిన గీతలకు నీడ పడుతుంది. ఫోన్ కెమెరాతో దీపం చోటు మారుస్తూ పది ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. 'కరోలస్' అన్న మాట సగం తేలింది. దాని తర్వాత నిలువు గీతలు లెక్కపెట్టాలి. మూడుంటే మూడో కార్లోస్, నాలుగుంటే నాలుగో కార్లోస్. ఇక్కడొక తమాషా ఉంది. మూడో కార్లోస్ 1788 డిసెంబరులో చనిపోతే, కొత్త రాజు బొమ్మ అచ్చు సముద్రం దాటి వచ్చేదాకా పాత రాజు ముఖంతోనే కొత్త రాజు పేరు వేశారు. 1808లో ఏడో ఫెర్నాండో వచ్చినప్పుడైతే ఆయన ఎలా ఉంటాడో తెలియక మెక్సికోలో ఊహించి ఒక ముఖం చెక్కారు. మాది మూడు గీతలే. ఏడాది 1781.

వెనక వైపు అంచున టంకశాల గుర్తు ఉంటుంది. ఎం అక్షరం నెత్తిన చిన్న ఓ ఉంటే మెక్సికో సిటీ. పి, టి, ఎస్ అక్షరాలు ఒకదానిమీద ఒకటి పేనుకుని ఉంటే ఇప్పటి బొలీవియాలోని పొటోసీ. ఎన్, జి ఉంటే గ్వాటెమాలా. 1773 భూకంపంలో పాత నగరం దెబ్బతిన్నాక కొత్త నగరంలో పెట్టిన టంకశాల అది. లిమాకు దాని పేరులోని అక్షరాలు కలిపిన గుర్తు వేరే ఉంది. హెర్న్‌డన్ కెప్టెన్ బయల్దేరిన లిమా నాణెం హెర్న్‌డన్ దగ్గర దొరికితే బాగుండుననుకున్నాను కానీ మాది మెక్సికోది. టంకశాల గుర్తు పక్కన ఉండే రెండు అక్షరాలు వన్నె పరీక్షించిన అధికారులవి. వన్నె తప్పితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. మా నాణెం మీద రెండు ఎఫ్‌లు. 1781లో మెక్సికోలో పనిచేసిన జంట అదే. ఏడాది, టంకశాల, అధికారుల అక్షరాలు మూడూ ఒకదానితో ఒకటి పొసగడం అసలు నాణేనికి మంచి సాక్ష్యం. ఈ మూడూ కలవని నకిలీలు ఆన్‌లైన్‌లో బోలెడు అమ్ముతున్నారు.

నకిలీలు అప్పుడూ ఉండేవి. రాగి బిళ్లకు వెండి పూత పూసి చలామణీ చేసేవారు. అనుమానం ఉంటే నాణేన్ని దారంతో నీళ్లలో వేలాడదీసి తూచాలి, మన ఆర్కిమెడిస్ పాఠమే. 90 శాతం వెండి ఉన్న నాణెం సాంద్రత 10.3 దగ్గర ఉంటుంది. రాగిదైతే 9 లోపే. పెద్ద 8 రెయాళ్ల నాణేలైతే పక్క అంచు చూస్తే చాలు, రాజు ముఖం ఉన్న రకానికి వలయం, దీర్ఘచతురస్రం ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అంచు గోకి వెండి దొంగిలించేవాళ్లకు అడ్డుకట్టగా పెట్టింది అది.

మన ఇళ్లలో వెండి నల్లబడితే చింతపండు, ముగ్గుపిండి తీసుకుంటాం. మా ఆవిడ కూడా అదే తెచ్చింది. తవ్విన నాణేన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తోమకూడదు. రుద్దితే మిగిలిన ఆ కాస్త అక్షరాలూ పోతాయి. శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, మెత్తని గుడ్డ మీద ఆరబెడితే చాలు.

రెండో వస్తువును డబ్బా ముక్క అనుకుని పారేసేవాళ్లే ఎక్కువ. పిజ్జా ముక్క ఆకారంలో ఉన్న చిన్న రేకు. రెండు వైపులా కత్తిరించిన తిన్నటి అంచులు, మూడోవైపు వంపు. బరువు 1.3 గ్రాములు. ఒక మూల చిన్న కోట బురుజు. చిల్లర లేనప్పుడు నాణేన్నే ఉలితో నరికి ఇచ్చేవారు. నాలుగు ముక్కలు చేస్తున్నామని చెప్పి ఐదు చేసేవాళ్లూ ఉండేవారట. మా ముక్క అమెరికాల్లో అచ్చయింది కాదు, స్పెయిన్‌లోనే తక్కువ వన్నెతో చేసిన 2 రెయాళ్ల నాణెంలో పావు. దాన్ని ఇక్కడ పిస్టరీన్ అనేవారు. మెక్సికో పావలా 25 సెంట్లయితే ఇది 20 సెంట్లే. ఒకవైపు శిలువ, దాని నాలుగు గదుల్లో కోట, సింహం బొమ్మలు ఉంటాయి. వర్జీనియాలో ఈ నరికిన పిస్టరీన్ ముక్కలు బాగా దొరుకుతాయి. అందంలో 1781 నాణెం ముందు ఇది దిగదుడుపే అయినా నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఎవరో అంగడిలో చిల్లర కోసం ఉలి దెబ్బ వేయడం ఇందులో కనిపిస్తుంది.

నాణెం మీది ఏడాది, పారేసుకున్న ఏడాది

1781 అని ఉంది కాబట్టి స్వాతంత్ర్య పోరాటం నాటి సైనికుడి జేబులోంచి జారిందని కథ అల్లేయొచ్చు. యార్క్‌టౌన్ యుద్ధం జరిగిన ఏడాది కూడా అదే. కానీ ఈ నాణెం 1857 దాకా చెల్లింది. 1781 తర్వాత ఎప్పుడో పడిందని మాత్రమే నాణెం చెబుతుంది. 1785లో పడిందా, 1850లోనా అన్నది అరుగుదల కొంత చెబుతుంది. 12 శాతం బరువు పోయిందంటే దశాబ్దాలు తిరిగిన నాణెం. మిగతాది చుట్టూ ఉన్న మట్టి చెప్పాలి. మా నాణెం దగ్గర దొరికినవి యంత్రంతో కోసిన మేకులు. అంటే సైనికుడి కథకు వీలు లేదు, 1800 తర్వాత కట్టిన ఇంటి వాకిట్లో పడిందనుకోవడం సబబు.

అందుకే నాణెం ఒక్కటే జేబులో వేసుకుని వచ్చేస్తే సగం సమాచారం పొలంలోనే పోయినట్టు. మేం దొరికిన ప్రతిదానికీ జీపీఎస్ చోటు, లోతు, పక్కన ఉన్న వస్తువులు స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటాం. మేకులు కూడా. మా పెద్దాయన నవ్వుతాడు గానీ నేను ప్రోగ్రామర్‌ని, నాకు లాగ్ లేకుండా నిద్రపట్టదు.

మచిలీపట్నం దాకా

నాణెం వెనక వైపు లాటిన్‌లో 'హిస్పాన్ ఎట్ ఇండ్' అని ఉండి, తర్వాత 'రెక్స్' అనే మాటో, చిన్న నాణేల్లో దాని మొదటి అక్షరమో ఉంటుంది. స్పెయిన్‌కూ ఇండియాలకూ రాజు అని. కొలంబస్ దారి తప్పిన పుణ్యాన అమెరికాలకు తగిలిన 'ఇండియా' అది. పెడన దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. 'ఒరేయ్, లంకెబిందెలు దొరికాయా?' అన్నాడు. లేదు నాన్నా, ఒక బేడ దొరికింది, మెక్సికోది అన్నాను. 'మెక్సికోది మనకెందుకురా' అన్నాడాయన.

మనకెందుకంటే, ఇదే వెండి మచిలీపట్నం రేవులోనూ దిగింది. డచ్చివాళ్లు 1606 ప్రాంతంలో, ఇంగ్లిష్ వాళ్లు 1611లో 'గ్లోబ్' అనే ఓడలో మచిలీపట్నం వచ్చి కొఠీలు పెట్టారు. వాళ్లకు కావాల్సింది మన తీరపు నూలు బట్టలు, అద్దకం బట్టలు. వాళ్ల ఉన్ని సరుకు మన ఎండల్లో ఎవరికి కావాలి? బట్టలకు బదులుగా మనవాళ్లు పుచ్చుకున్నది వెండి, బంగారమే. 1600 చివరి రోజున రాణి ఇచ్చిన పత్రంలో ఈస్టిండియా కంపెనీకి ఒక్కో యాత్రకు 30 వేల పౌండ్ల విలువైన వెండిని దేశం దాటించే అనుమతి ఉంది. ఓడలెక్కించిన ఆ వెండిలో స్పానిష్ 8 రెయాళ్ల నాణేలు ముఖ్యమైనవి. గోల్కొండ రాజ్యపు తీరంలో పెద్ద లావాదేవీలు బంగారు వరహాల్లో నడిచేవి కాబట్టి, తెచ్చిన రెయాళ్లను ముందు సరాఫులకు అమ్మాలి. వాళ్లు రాజు ముఖం చూడరు, తూకం, వన్నె చూస్తారు. తర్వాత అవి కరిగిపోయేవి. మన నేలలో ఇవి అంతగా కనిపించకపోవడానికి కారణం రాకపోవడం కాదు, వచ్చినవి మూసలోకి పోవడం. అవే తీరపు చీటిగుడ్డలు లండన్ మీదుగా వర్జీనియా దొరల ఇళ్లకూ చేరాయి. విలియమ్స్‌బర్గ్ మ్యూజియం సేకరణలో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలున్నాయి.

అన్నీ కరిగిపోలేదు. 1807 తర్వాత మద్రాసు టంకశాల పెద్ద వెండి నాణేలు వేసింది. వాటిలో అర వరహా నాణెం చూడాలి. ఒకవైపు గోపురం, ఇరుపక్కలా చుక్కలు, ఇంగ్లిష్, పారసీ అక్షరాలు. రెండో వైపు దేవుడి బొమ్మ చుట్టూ తమిళంలో, తెలుగులో దాని విలువ. వీటిలో కొన్నింటిని స్పానిష్ డాలర్ల మీదే నేరుగా అచ్చు కొట్టారు. అచ్చు సరిగా అణగని చోట స్పెయిన్ నాణెం గీతలు కింద నుంచి లీలగా కనిపిస్తాయి. స్పెయిన్ రాజు ముఖం మీద తెలుగక్షరాలు! నాన్నకు దాని ఫొటో పంపితే, ఈసారి మెక్సికో మనకెందుకని అడగలేదు.

ఎక్కడ పడితే అక్కడ కుదరదు

ఇది చదివి మెషిన్ కొనేవాళ్లకు ఒక మాట. ఇక్కడి నేషనల్ పార్కుల్లో మెటల్ డిటెక్టర్ వాడటం ఫెడరల్ నేరం. మనాసస్ యుద్ధభూమి మనకు దగ్గరే కదా అని అటు వెళ్లొద్దు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్కుల్లోనూ అనుమతి లేకుండా కుదరదు. హెచ్ఓఏ ఉమ్మడి స్థలం మీ సొంత పెరడు కాదు. మిగిలింది ప్రైవేటు స్థలం, అదీ యజమాని ఒప్పుకుంటేనే. ఆ ఒప్పుదల, దొరికినది ఎవరికి చెందుతుందన్న మాటా కాగితం మీద ఉంటే మంచిది. మేం ముందే రాసుకున్నాం, దొరికినవన్నీ పెద్దాయనవే. సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు మెషిన్ సూట్‌కేసులో పెట్టుకోవాలన్న ఆలోచన కూడా వద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం అక్కడ ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను తవ్వి పాడుచేసే ముఠాల వార్తలు మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఆ పనికీ ఈ సరదాకూ పోలిక లేదని నేనంటాను. కానీ అడ్డుగీత ఎక్కడుందో పోయిన శరదృతువులో మా పొలంలోనే ఆలోచించాల్సి వచ్చింది.

పెద్దింటి పునాదులకు అరవై అడుగుల దూరంలో, పొయ్యి ఇటుకలు చెదిరి ఉన్న చోట, ఒక అర రెయాల్ దొరికింది. నాలుగు గీతల కార్లోస్, ఏడాదిలో చివరి అంకె అరిగిపోయింది. రాజు తలపై, అంచుకు దగ్గరగా చిల్లు. బయటి నుంచి లోపలికి మేకుతో గుచ్చిన చిల్లు, దాని పైఅంచు దారం ఒరిసి నున్నగా అయింది. నాణేలవాళ్ల లెక్కలో చిల్లు పడిన నాణేనికి విలువ లేదు, చిల్లుకాణీ అన్నట్టే. పురావస్తు శాస్త్రవేత్తల లెక్క వేరు. అమెరికా దక్షిణాదిలో బానిసలుగా బతికినవాళ్ల ఇళ్ల జాడల్లో చిల్లు పెట్టిన వెండి నాణేలు చాలాచోట్ల దొరికాయి. మెడలోనో చీలమండకో దారంతో కట్టుకునేవారు. కీడు తగలకుండా, జబ్బు రాకుండా. 1930లలో అప్పటికింకా బతికి ఉన్న మాజీ బానిసలు చెప్పిన జ్ఞాపకాల్లో ఈ అలవాటు నమోదైంది. మన పిల్లల మొలతాళ్లకు కాణీలు కట్టిన నాయనమ్మలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పెద్దాయన ఆ నాణేన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంట్లోకి తీసుకెళ్లి ఒక కాగితం చూపించాడు. 1850 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. అందులో ఆయన పూర్వీకుడి పేరు యజమానిగా ఉంది. కింద వరుసగా వయసు, ఆడో మగో, రంగు. పేర్లు లేవు. ఆ పట్టికలో మామూలుగా పేర్లు రాసేవారు కాదు. 'ఇది వీళ్లలో ఒకరిది అయ్యుండాలి' అన్నాడు. అయ్యుండాలి అని చెప్పలేం, అయ్యుండొచ్చు అని మాత్రం చెప్పగలం అన్నాను. ఆయన తలూపాడు.

అక్కడితో ఆ చోట తవ్వడం ఆపేశాం. ఆపాలన్న మాట ఆయనదే, అది సరైనదని నా అభిప్రాయం. దున్నిన పొలంలో చెదిరిన నాణేన్ని నమోదు చేసి తీయడం వేరు. పొయ్యి, నేల, చెత్తగుంట ఇంకా వాటి చోట్లలో ఉండే అవకాశమున్న ఇంటి జాడను మనలాంటివాళ్లు పారతో కెలకడం వేరు. పైన ఒక్క చిల్లు నాణెం ఉందంటే కింద పూసలు, ఎముకలు, గిన్నె పెంకులు ఉండొచ్చు, మెషిన్ వాటికి మోగదు. మా స్ప్రెడ్‌షీట్, ఫొటోలు, పొలం మ్యాపు రాష్ట్ర చారిత్రక వనరుల శాఖకు పంపాం. అక్కడ ఇలాంటి స్థలాల రికార్డు ఉంటుంది.

అమ్మకం మాటలు నడుస్తూనే ఉన్నాయి. ఆ అర ఎకరం సర్వే పూర్తయ్యేదాకా అందులోకి యంత్రాలు దించకూడదని ఒప్పందంలో రాయించాలని పెద్దాయన పట్టుబడుతున్నాడు. కొనేవాళ్ల లాయరు ఇంకా ఒప్పుకోలేదు. నాణేలు మూడూ ఆయన బల్ల సొరుగులో, నేను అంకెలు వేసిచ్చిన కవర్లలో ఉన్నాయి. చిల్లు నాణెం కవరు మీద ఏం రాయాలని ఆయన అడిగితే, చోటు, లోతు, తేదీ రాశాం. పేరు కోసం ఒక గీత ఖాళీగా వదలమన్నాడు, వదిలాం.